రాయి చెత్త కాదు

పాత మిల్లు రోడ్డు మీద తొమ్మిదో మైలు దగ్గర ఒక శాసనం ఉంది. రాతి మీద చెక్కినది కాదు, నీలిరంగు రేకు మీద తెల్ల అక్షరాలతో రాసినది. అయినా శాసనానికి ఉండవలసిన గాంభీర్యమంతా దానికి ఉంది. ఇక్కడి నుంచి ఒక మైలు మేర ఈ రహదారిని మాపిన్ కుటుంబం వారు దత్తత తీసుకున్నారని, దీని శుచిశుభ్రతల భారం వారిదేనని అది లోకానికి చాటుతుంది. వేట కాలంలో జింక కనబడని రోజున తుపాకిలో మిగిలిన కసిని రోడ్డు పక్క రేకుల మీద తీర్చుకోవడం బ్రానర్ కౌంటీ కొండల్లో ఆచారం కనుక, శాసనానికి ఇప్పటికి ఏడు చిల్లులు పడ్డాయి. మాపిన్ అనే పేరులో ఒక అక్షరం పూర్తిగా ఎగిరిపోయింది. దత్తత తీసుకున్నవారు బిడ్డను ఏడాదికి రెండుసార్లు, పత్రికవాడు ఫొటో తీసే రోజున, వచ్చి చూసిపోతారు. మిగిలిన మూడువందల అరవైమూడు రోజులూ ఆ బిడ్డ ఆలనాపాలనా జైలుది.

ఆ జైలు సైన్యానికి సేనాని వెర్నా స్టాలర్డ్. వయసు యాభై తొమ్మిది. పదవి, షెరీఫ్ ఆఫీసులో చెత్త నివారణ అధికారిణి. వారంలో నాలుగు రోజులు ఖైదీల చేత రోడ్డు వార చెత్త ఏరిస్తుంది. గురువారం నాడు బడులకు వెళ్లి, అసలు పారేయకూడదని పిల్లలకు నేర్పుతుంది. ఏరడం నేటి కోసం, నేర్పడం రేపటి కోసం అని ఆమె సిద్ధాంతం. పంతొమ్మిదేళ్లు గడిచినా ఆ రేపు మాత్రం కౌంటీ సరిహద్దు దాటి లోపలికి రాలేదు. మొదటి ఏడాది ఆమె ముందు కుడిచెయ్యి ఎత్తి, 'నా చెత్త నా చేతిలోనే' అని ప్రమాణం చేసిన పిల్లలు ఇప్పుడు గడ్డాలు పెంచి పికప్ ట్రక్కులు నడుపుతున్నారు. వాళ్ల చేతులు కిటికీల బయటే ఉంటాయి.

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు సైన్యం తొమ్మిదో మైలు దగ్గర దిగింది. మొత్తం నలుగురు. చారల బట్టలు, పైన నారింజ రంగు కోటు, చేతిలో కొసన పటకారున్న పొడుగాటి కర్ర, నడుముకు నీలిరంగు సంచుల చుట్ట. ఒక రోజు ఏరితే శిక్షలో రెండు రోజులు తరుగుతాయి కనుక ఈ యుద్ధానికి స్వచ్ఛంద సైనికుల కొరత ఎన్నడూ లేదు.

"మిస్ వెర్నా, ఇవాళ దొరికినవి చెప్పనా?" అన్నాడు ముసలి ఓటిస్, అందరికన్నా ముందు నడుస్తూ. "ఎడంకాలి చెప్పులు మూడు. కుడికాలిది ఒక్కటీ లేదు. ఈ కౌంటీలో ఒంటికాలి జనం ఎక్కువైపోయారు."

"ఎగతాళి చాలించి డొంకలో చూడు. గడ్డిలో పసిపిల్లల గుడ్డేదో ఉంది."

"అలాంటివన్నీ నా వంతుకే ఎందుకొస్తాయమ్మా?"

"నీకు మనవలున్నారు గనక. అనుభవం ఉన్నవాడివి."

వెనక లోమాక్స్ అన్నదమ్ములిద్దరూ పకపక నవ్వారు. ఒకే పడవ మోటారును ఒకే రాత్రి దొంగిలించి, ఒకే శిక్ష పొంది, ఒకే గదిలో ఉంటున్న ఆ సోదరులు పనిలో కూడా విడిపోరు. ఒకడు సంచి నోరు తెరిచి పట్టుకుంటే రెండోవాడు వేస్తాడు. నాలుగోవాడు రాండల్ టీగ్. పొడుగ్గా, మౌనంగా, ప్రతి సిగరెట్టు పీకనూ ముత్యంలా ఏరతాడు.

"శనివారం ఎన్నింటికి వదులుతారు నిన్ను?" అని అడిగింది వెర్నా.

"తొమ్మిదింటికండి."

"సోమవారమేగా పిల్ల సంగతి తేల్చేది? తల దువ్వుకుని వెళ్లు."

"డెల్లాని నా దగ్గరుంచుతామంటే గుండు కొట్టించుకు రమ్మన్నా వెళ్తానండి," అన్నాడు రాండల్. అతని ఆరేళ్ల కూతురు ఎనిమిది నెలలుగా కౌంటీవాళ్లు అప్పగించిన పరాయి ఇంట్లో పెరుగుతోంది. శనివారం లోపల అతని పేరు మీద కొత్త మచ్చ ఏదీ పడకపోతే, సోమవారం నాడు జడ్జి ఆమెను అతనికి తిరిగి అప్పగించే అవకాశం ఉంది. ఈ సంగతి నలుగురికీ తెలుసు. అందుకే ఆ వారమంతా పదునైన గాజుముక్కలు అతని వైపు పోకుండా ఓటిస్ ముందుగానే ఏరేస్తున్నాడు.

రోడ్డు వార పనిలో వెర్నా నేర్పే మొదటి సూత్రం: వచ్చే బండికి మొహం చూపించాలి, వీపు చూపించకూడదు. ఓటిస్ ఆ సూత్రాన్ని పాటించాడు. మలుపు తిరిగి ఎర్ర ట్రక్కు వస్తుంటే నడుం నిటారు చేసి, మర్యాదగా, దాని వైపు తిరిగాడు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. నమిలిన పొగాకు ఉమ్మి సగానికి పైగా నింపిన గాజు సీసా గాలిలో ఒక్కసారి పల్టీ కొట్టి అతని నోటి మీద పగిలింది.

చప్పుడు చిన్నదే. ఓటిస్ కేక కూడా వేయలేదు. మోకాళ్ల మీద కూలి, రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆ దోసిట్లోకి గోధుమరంగు ఉమ్మి, నెత్తురు, రెండు పళ్లు పడ్డాయి. ట్రక్కులోంచి "పది!" అని ఒక కేక, దాని వెనక నవ్వు వినిపించాయి. చూడాలని కాబోలు, బండి ముప్పై గజాల అవతల నెమ్మదించింది.

ఆ తర్వాత జరిగినదాన్ని వెర్నా మనసు చాలాసేపు తనదిగా ఒప్పుకోలేదు. ఆమె కుడిచెయ్యి వంగింది. రోడ్డు అంచున గుప్పెడంత సున్నపురాయి దొరికింది. చిన్నప్పుడు తండ్రి పొలంలో దారి తప్పిన ఆవులను రాళ్లతో మళ్లించిన భుజం, నలభై ఏళ్లుగా బద్ధకంగా పడి ఉన్న భుజం, తన విద్యను ఒక్క అక్షరం కూడా మరచిపోలేదు. రాయి తక్కువ ఎత్తున, సూటిగా పోయి ట్రక్కు వెనక అద్దాన్ని మధ్యలో కొట్టింది. అద్దం ఒక్క క్షణం తెల్లబడి, మరుక్షణం వర్షంలా జారిపోయింది.

రాండల్ ఆమె పక్కనే ఉన్నాడు. రాయి పోయిన దారి వైపు చూశాడు, తర్వాత ఆమె చెయ్యి వైపు చూశాడు.

ట్రక్కు రయ్యిమని వెనక్కి వచ్చింది. చక్రాలు విప్పే ఇనపకడ్డీతో ట్రెంట్ మాపిన్ దిగాడు. పంతొమ్మిదేళ్ల కిందట వెర్నా ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసిన మొదటి తరగతిలో, మొదటి వరుసలో కూర్చున్న పిల్లవాడతను.

"ఎవడ్రా? ఎవడు కొట్టాడు?" అని అరిచాడు. ఖైదీలు నియమం ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని చేతులు తల వెనక పెట్టుకున్నారు. ట్రెంట్ కళ్లు నలుగురి మీదా తిరిగి రాండల్ దగ్గర ఆగాయి. "నువ్వేరా పొడుగోడా! బడిలో బంతి విసిరేవాడివి నువ్వు. నీ చెయ్యి నాకు తెలుసు."

"నేను కాదన్నా," అన్నాడు రాండల్.

మొదటి దెబ్బ ఎడమ ముంజేతి మీద పడింది. లోపల ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండోది పక్కటెముకల మీద. మూడోది భుజం మీద. రాండల్ పక్కకు ఒరిగాడే గాని కుడిచెయ్యిని తల మీంచి తియ్యలేదు. ఆ చెయ్యి తీస్తే శనివారం పోతుంది. మూడు దెబ్బలు పడేదాకా వెర్నా కొయ్యబొమ్మలా నిలబడింది. నాలుగోదానికి కడ్డీ పైకి లేచినప్పుడు ఆమె నడుముకున్న మిరియాల స్ప్రే డబ్బా తీసి, అడుగు దూరం నుంచి, ట్రెంట్ కళ్లలోకి ఖాళీ అయ్యేదాకా కొట్టింది. అతను కడ్డీ వదిలేసి రోడ్డు మీద పడి దొర్లుతూ అమ్మను తలచుకున్నాడు.

అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు, షెరీఫ్ పంపిన డిప్యూటీ రావడానికి నలభై నిమిషాలు పట్టాయి. వెర్నా ఓటిస్ నోటికి తన మెడగుడ్డ అదిమి పట్టుకుని కూర్చుంది. ఈ లోపల లోమాక్స్ అన్నదమ్ములకు చేతులు ఊరుకోలేదు. వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు. భయం వేసినప్పుడు మనిషి చేతులు తెలిసిన పనే చేస్తాయి. ఒకడు సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. రెండోవాడు సీసా మెడను, సీసా పెంకులను, ట్రక్కు అద్దపు పలుకులను, ఓటిస్ పళ్లను కూడా, ఒక్కొక్కటే పటకారుతో ఏరి వేశాడు. నెత్తురైన గడ్డిని పీకి వేశాడు. సంచి మూతి బిగించి కట్టి, నేర్పిన ప్రకారం తెల్ల గీతకు అడుగు లోపల నిలబెట్టాడు. కౌంటీ చెత్తబండి ఆ పూట అరగంట ముందుగా వచ్చింది. మిగతా సంచులతో పాటు దాన్నీ ఎత్తుకుని, నలిపి, మింగి వెళ్లిపోయింది.

డిప్యూటీ దిగి చూసేసరికి తొమ్మిదో మైలు దాని చరిత్రలో ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంది. పగిలిన గాజు లేదు, నెత్తురు లేదు. తారు నడుమ ఒక్క సున్నపురాయి మాత్రం ఉంది. రాయి చెత్త కాదు కనుక దాన్ని ఎవరూ ఏరలేదు.

"రాయి ఎవరు విసిరారు?" అన్నాడు డిప్యూటీ.

"వాడే!" అన్నాడు ట్రెంట్, వాచిన కళ్లతో గాలిలోకి వేలు చూపిస్తూ.

వెర్నా నోరు తెరిచింది. అదే క్షణంలో అంబులెన్సు కూత మొదలైంది. కూత ఆగాక మళ్లీ తెరవడానికి ఆమెకు వీలు చిక్కలేదని ఆమె తర్వాత తనకు తాను చెప్పుకుంది. నిజానికి చాలా వీలు చిక్కింది.

బుధవారం ఉదయం షెరీఫ్ ఎమెట్ డౌడీ తన బల్ల మీద రెండు వస్తువులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి తెల్ల ఫారం. రెండోది పారదర్శకమైన సంచిలో, మెడకు చీటీ కట్టిన సున్నపురాయి. కౌంటీ ఖజానాలో ఏ రత్నానికీ అంత భద్రత దక్కి ఉండదు.

"కూర్చో వెర్నా. కాఫీ తాగుతావా?"

"వద్దు. ట్రెంట్‌ని లోపలేశారా?"

"దేనికి?"

"ముసలాడి నోరు పగలగొట్టాడు. చేతులెత్తి కూర్చున్నవాణ్ణి ఇనపకడ్డీతో బాదాడు."

"అతను సీసా విసరలేదంటున్నాడు. ముసలాడు కాలు జారి పడ్డాడంటున్నాడు. బండి మీద దాడి జరిగితే ఆత్మరక్షణకు దిగానంటున్నాడు." షెరీఫ్ కాఫీ ఊదుకున్నాడు. "నువ్వు చూశానంటే నేను నమ్ముతాను. జడ్జి మాత్రం సీసా ఏదంటాడు. ఏదీ సీసా?"

వెర్నా చూపు చీటీ కట్టిన సంచి మీదికి పోయింది.

"ఊరంతా నవ్వుతోంది వెర్నా! నేరం జరిగిన చోటుని నేరం జరిగిన గంటలోపే కడిగిన ముత్యంలా చేసి పెట్టారు మీవాళ్లు. రాష్ట్రంలో ఎవరైనా ఇంత బాగా ఏరించారా? మెడల్ ఇవ్వాలి నీకు." నవ్వు ఆపి ఫారం ఆమె వైపు తిప్పాడు. "నాకున్నదల్లా ఈ రాయి. రాయి ఉందంటే విసిరినవాడుండాలి. నేను టీగ్ పేరు రాశాను. కింద నీ సంతకం కావాలి. శుక్రవారం పదకొండింటికి జడ్జి ముందు పెట్టాలి."

"రాండల్ విసిరాడని ఎవరు చెప్పారు?"

"మరి ఎవరు విసురుతారు? ముసలాడు నేల మీద పడున్నాడు. లోమాక్స్ వెధవలకి గోడ మీదకి గోళీ వేయడం రాదు. మిగిలింది ఎవరు?"

మిగిలినది ఎవరో అతనికి ఎదురుగా, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె మీద అతని చూపు నిలవలేదు, కుర్చీ మీద నిలవనట్టే. వెర్నా గొంతులో ఒక వాక్యం సిద్ధమైంది. దానికి కర్త ఉంది, క్రియ ఉంది, లోపమేమీ లేదు. కానీ పంతొమ్మిదేళ్ల ప్రమాణాలు, పదమూడు బడులు, గోడ మీద గవర్నరు చేతి ప్రశంసాపత్రం, వచ్చే వసంతంలో జరగవలసిన వీడ్కోలు విందు, ఇవన్నీ బారులు తీరి ఆ వాక్యం దారిని కాపలా కాశాయి.

"ఆలోచించుకుని సంతకం పెడతాను," అంది.

ఆ మధ్యాహ్నం చెత్త దిబ్బకు వెళ్లింది. అక్కడి మనిషి ఆమెను గుమ్మం దగ్గరే ఆపి, నొక్కుడు యంత్రం వైపు వేలు చూపించాడు. మంగళవారం నాటి సంచులన్నీ కలిసి ఒకే నల్లటి దిమ్మగా మారి ఉన్నాయి. "ఇందులో పళ్లేమిటి, దవడ దొరికినా ఎవరిదో చెప్పలేం, మిస్ వెర్నా," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు జైలు వైద్యశాలలో ఆగింది. రాండల్ ఎడమచేతికి కట్టు, కుడిచేతిని మంచం కమ్మీకి కలుపుతూ బేడీ. ప్రమాదకరమైన చెయ్యి కుడిదని జైలు నిర్ణయించింది.

"ఓటిస్ ఎలా ఉన్నాడండి?"

"పై పెదవికి తొమ్మిది కుట్లు. సన్నటి గొట్టంతో గంజి పీల్చుకుంటున్నాడు. ఇప్పుడు తనని చూసి ఎవరైనా నవ్వితే తిరిగి నవ్వలేనని ఏడుస్తున్నాడు."

రాండల్ నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నాడు.

"నువ్వు చూశావు," అంది వెర్నా, గొంతు తగ్గించి.

"చూశానండి."

"మరి చెప్పవేం?"

అతను ఆమె వైపు కోపం లేకుండా చూశాడు. కోపం ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. "చెప్పాను. మొదట డిప్యూటీకి చెప్పాను. చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆ మహాతల్లి మీద అభాండం వేస్తావురా అన్నాడు. ఇంక రెండోవాడికి చెప్పలేదు." బేడీ చెయ్యి కాస్త కదిపి అన్నాడు, "మీరు విసిరినందుకు నాకు బాధ లేదండి. ఓటిస్ కోసం ఎవరో ఒకరు విసరాల్సిందే. నా చెయ్యి ఖాళీగా లేదు, మీ చెయ్యి ఉంది. అంతే."

వెర్నా లేచింది. తలుపు దగ్గర ఆగింది. ఏదో ఒకటి చెప్పాలని ఆగింది; "కట్టు తడపకు," అని చెప్పి వెళ్లిపోయింది.

గురువారం బడి. ఆమె వారం వారం మోసుకెళ్లే ఆయుధాలు మారవు: అట్టముక్కకు అంటించిన ప్లాస్టిక్ సంచి, సీసాలో తల ఇరుక్కుని చచ్చిన ఉడత బొమ్మ, పిల్లల చేతికి సరిపోయే చిన్న పటకారు కర్రలు పది. ఒకటో తరగతి పిల్లలు నేల మీద వరుసలుగా కూర్చున్నారు.

"రోడ్డు మీద చెత్త ఏరుతున్నవాళ్లని మీరెప్పుడైనా చూశారా?"

"నేను చూశాను!" మొదటి వరుసలో ఎర్రబుగ్గల పిల్లవాడు లేచాడు. కోల్టన్ మాపిన్, ట్రెంట్ కొడుకు. "మా నాన్న వాళ్లతో ఆట ఆడతాడు. కోటుకి తగిలితే మూడు, టోపీకి తగిలితే అయిదు, తలకి తగిలితే పది. మొన్న మా నాన్నకి పది వచ్చింది!"

కొందరు పిల్లలు నవ్వారు. టీచరు అద్దాలు సర్దుకుని గోడ మీది గడియారం వైపు చూసింది. వెర్నా చేతిలో ఉడత బొమ్మ ఉంది. చెప్పవలసిన మాట ఏదో పంతొమ్మిదేళ్ల పాఠంలో ఆమె వెతుక్కుంది. పాఠంలో అది లేదు.

"పారేయడం తప్పు కదా?" అని మాత్రం అంది.

"పారేయలేదు. కొట్టాడు," అన్నాడు కోల్టన్, తేడాను ఓర్పుగా వివరిస్తూ. "వాళ్లు జైలు పందులు. వాళ్లని కొడితే తప్పు కాదు."

రెండో వరుసలోంచి ఒక సన్నటి పిల్ల లేచింది. ఎవరూ గమనించలేదు. బల్ల మీది పటకారు కర్రల్లో ఒకటి తీసింది, రెండు చేతులా పట్టుకుంది, కోల్టన్ చెవి మీద బలంగా కొట్టింది. పిల్లవాడు పడ్డాడు. మళ్లీ కొట్టింది. వెర్నా వెళ్లి నడుం పట్టి ఎత్తేలోపల మూడోసారి కూడా కొట్టింది. చెవి చీలి, పిల్లవాడి తెల్లచొక్కా మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. గదంతా ఏడుపులు, అరుపులు.

"ఎవరు? ఎవరు కొట్టారు?" టీచరు గడియారం వదిలి పరుగెత్తుకొచ్చింది. ఆ గందరగోళంలో ఆమెకు నిజంగానే కనబడలేదు. కర్ర అప్పటికే నేల మీద పడి ఉంది. వెర్నా చేతుల్లో ఉన్న పిల్ల భయపడి హత్తుకున్న పిల్లలాగే ఉంది. చుట్టూ ఏడుస్తున్నవాళ్లు ఇరవైమంది. ఆ పిల్ల నోరు మూసుకుంటే సరిపోయేది.

ఆ పిల్ల కుడిచెయ్యి ఎత్తింది. హాజరు పిలిచినప్పుడు ఎత్తినట్టుగా, మోచెయ్యి నిటారుగా.

"నేను," అంది. "నేనే కొట్టాను. డెల్లా టీగ్."

టీచరు పేరు రాసుకుంది. ప్రిన్సిపాల్ గదికి నడుస్తున్నప్పుడు డెల్లా తలెత్తి అడిగింది, "నువ్వేగా మా నాన్నతో పనిచేసే మిస్ వెర్నా? శనివారం నాన్న వస్తాడు. నీకు తెలుసా?"

"తెలుసు."

"తొమ్మిదింటికి వస్తాడు. నాకు తన్నులు పడతాయా ఇప్పుడు?"

"పడవు. ఎందుకు చెప్పావే, నువ్వే అని?"

డెల్లాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నేనే గనక," అంది.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు వెర్నా షెరీఫ్ గదిలోకి వెళ్లి, తలుపు వెయ్యకుండానే, "రాయి నేను విసిరాను," అంది.

ఎమెట్ డౌడీ తల ఎత్తాడు. అతని మొహంలో ముందు ఆశ్చర్యం, వెంటనే జాలి, ఆ వెంటనే వాత్సల్యం కనిపించాయి. నిజం చెప్పినవాళ్లకు లోకం అరుదుగా ఇచ్చే ఆదరణ అది. "కూర్చో తల్లీ," అన్నాడు.

"కూర్చోను. ఆ ఫారంలో నా పేరు రాయి."

"వెర్నా, నిన్ను నేనెరుగుదును. ఆ పిల్లని బడిలో చూసి నీ మనసు కరిగిందని కూడా విన్నాను. కానీ జైలువాడి కోసం అబద్ధం చెప్పడం తప్పమ్మా. నువ్వే పిల్లలకి నేర్పుతావుగా, ఎవరి చెత్త వాళ్ల చేతిలోనే అని."

"అదే చెప్తున్నాను. ఇది నా చెత్త."

"ముప్పై గజాలు వెర్నా! కదిలే బండి! అద్దం నడిమధ్యన! ఆ దెబ్బ బంతాట ఆడినవాడిది. నీ విసురు మీ వంటింటి గట్టు కూడా దాటదు." నవ్వాడు. బయట గదిలో డిప్యూటీ కూడా నవ్వాడు. "ఇంటికెళ్లు. సంతకం నువ్వు పెట్టకపోయినా ట్రెంట్ మాట ఉంది, రాయి ఉంది. పదకొండింటికి పని అయిపోతుంది."

పంతొమ్మిదేళ్లుగా ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న మంచిపేరు అనే మహాప్రాసాదానికి తలుపులు లేవని వెర్నాకు ఆ క్షణంలో తెలిసింది. లోపలివాళ్లు బయటికి రావాలంటే గోడ పగలవలసిందే.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, చీటీ కట్టిన సంచిని తీసి, పళ్లతో చింపి, రాయిని చేతిలోకి తీసుకుంది.

"అది సాక్ష్యం! కింద పెట్టు!" అన్నాడు షెరీఫ్.

ఆమె అప్పటికే బయటికి నడిచింది. షెరీఫ్ కాఫీ కప్పుతోనే వెనక పరుగెత్తాడు. అతని వెనక డిప్యూటీ. ఆ వెనక, సంతకాల కోసం వచ్చిన ఇద్దరు పౌరులు. జైలు ముందున్న విశాలమైన స్థలంలో, అవతలి కొసన, షెరీఫ్ గారి సొంత బండి ఉంది. లోమాక్స్ అన్నదమ్ములు తెల్లవారినప్పటి నుంచి దాన్ని తోమి, తుడిచి, మెరుపు తెప్పించి, ఆ మెరుపులో తమ మొహాలు చూసుకుంటున్నారు.

"అబ్బాయిలూ, పక్కకి తప్పుకోండి," అంది వెర్నా. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఏం చెప్పినా చేసినవాళ్ల వంశం కనుక ఇద్దరూ తప్పుకున్నారు.

ఆమె కొలవలేదు. గురి చూసినట్టు కూడా ఎవరికీ అనిపించలేదు. చేతిసంచిని నేల మీద పెట్టింది, ఎడమకాలు ముందుకు వేసింది, ఆవును మళ్లించే మనిషిలా నడుం తిప్పి విసిరింది. రాయి తక్కువ ఎత్తున, సూటిగా వెళ్లింది. వెనక అద్దం నడిమధ్యలో తెల్లబడి, వర్షంలా జారిపోయింది.

జైలు మేడ మీద కమ్మీల వెనక నుంచి ఎవరో ఒక్కసారి ఈల వేసి ఊరుకున్నారు. షెరీఫ్ చేతిలోని కాఫీ కప్పు వాలి, బూట్ల మీద ఒలికి, జారి నేల మీద పడింది.

"ముప్పై రెండు గజాలుంటుంది," అన్నాడు డిప్యూటీ, ఎవరూ అడగకపోయినా.

షెరీఫ్ చాలాసేపు ఆ చిల్లు వైపు చూశాడు. అతను మొండివాడే గాని చూసినదాన్ని చూడలేదని అనగలవాడు కాదు. "ఫారం పట్రా," అన్నాడు డిప్యూటీతో. "కొత్తది. టీగ్ కాగితం చింపెయ్." తర్వాత వెర్నా వైపు తిరిగాడు. వాత్సల్యం పోయింది, దాని చోట వచ్చినది గౌరవమో భయమో తెలియలేదు. "రెండు నేరాలు వెర్నా. నీ అధికారపు బిళ్ల ఇలా ఇయ్యి."

ఆమె నడుము నుంచి బిళ్ల తీసి ఇచ్చింది. "రెండిటికీ రాసుకో. మొదటిదానిలో సీసా సంగతి కూడా రాయి. నేను ఎందుకు విసిరానో జడ్జి అడుగుతాడు. అడిగితే ఓటిస్ పళ్ల గురించి ప్రమాణం చేసి చెప్తాను. అప్పుడు సీసా ఏదనకూడదు ఎవరూ. రాయి నా మాటకి సాక్ష్యమైతే, నా మాట సీసాకి సాక్ష్యం."

షెరీఫ్ పెన్ను తీశాడు.

ఈ లోపల లోమాక్స్ అన్నదమ్ములకు చేతులు ఊరుకోలేదు. ఒకడు ఎక్కడి నుంచో నీలిరంగు సంచి తెచ్చి నోరు తెరిచి పట్టుకున్నాడు. రెండోవాడు చీపురుతో బండి వైపు నడిచాడు.

"ఆగండి!" వెర్నా గొంతు కమ్మీల దాకా వినబడింది. "ఎవరూ ఏమీ ఊడవద్దు. ఒక్క ముక్క కూడా తియ్యొద్దు."

అన్నదమ్ములిద్దరూ అయోమయంగా ఆమె వైపు చూశారు. ఆ నోటి నుంచి ఆ మాట వాళ్లెన్నడూ వినలేదు. చీపురు గాలిలోనే ఆగిపోయింది.

ఫొటోలు తీసేవాడు వచ్చేదాకా ఆమె ఆ గాజు పలుకుల పక్కన, మెట్టు మీద, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చుంది. గాలి వీచింది. షెరీఫ్ వదిలేసిన కాగితం కప్పు దొర్లుకుంటూ వచ్చి ఆమె బూటుకు తగిలి ఆగింది. వెర్నా దాని వైపు చూసింది. కుడిచెయ్యి అలవాటు ప్రకారం కాస్త వంగింది. దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కప్పును అక్కడే ఉండనిచ్చింది.